రాతి మీద నిలిచిన వాన: ఆదోని కోట, మాల్టా దీవి
(కోటలూ ఊళ్ళూ – ఏడవ భాగం)

కోటలో నీళ్ళు అడుగంటాయి. తొమ్మిది నెలలుగా బహమనీ సుల్తాను ముజాహిద్ షా సైన్యం ఆదోని కొండల చుట్టూ మకాం వేసి కూర్చుంది. లోపలివాళ్ళు ఇక తలుపులు తెరవక తప్పదనుకుంటున్న రోజుల్లో మబ్బు పట్టింది. వాన దిగింది. కొండ మీది దొనలు, కొలనులు నిండాయి. అదే వాన కింద మైదానంలో గుడారాలు వేసుకున్నవాళ్ళ పాలిట చేటయింది. ఆదోని చుట్టూ ఉన్నది నల్లరేగడి. తడిస్తే మనిషి కాలు, బండి చక్రం, ఎద్దు గిట్ట దేన్నీ కదలనివ్వదు. తిండిగింజలు అందలేదు. రక్తవిరేచనాలు పాకాయి. సుల్తాను సంధి చేసుకుని వెనుదిరిగాడు.

ముజాహిద్ షా పాలన 1375 నుంచి 1378 వరకే. ఆ కొద్ది కాలంలో తొమ్మిది నెలలు ఈ కొండల కిందే కరిగిపోయాయి. ఈ ముట్టడి కథను రెండు శతాబ్దాలు గడిచాక బిజాపూరు ఆస్థానంలో కూర్చుని పారశీక చరిత్రకారుడు ఫిరిష్తా రాసిపెట్టాడు. ఆదోని కోటకు ఒకదానిలోపల ఒకటిగా పదకొండు ప్రాకారాలున్నాయనీ, కొండ మీద మంచినీటి ఊటలూ కొలనులూ ఉన్నాయనీ, ఆపద వస్తే కుటుంబాలను దాచుకోవడానికి విజయనగర రాజులు తరతరాలుగా దీన్ని బలపరచుకున్నారనీ చెప్పింది ఆయనే.

గత భాగాల్లో మనం తుంగభద్ర ఒడ్డునే నడిచాం. ఈసారి నది విడిచి దక్షిణానికి రావాలి. కోసిగి, కౌతాళం దాటి ఆదోని వైపు వచ్చేవారికి చదునైన నల్లనేల మీద ఉన్నట్టుండి రాతి గుట్టలు లేస్తాయి. సముద్రంలోంచి దీవి లేచినట్టే ఉంటుంది ఆ దృశ్యం. కోట్ల ఏళ్ళ ఎండావానలకు మెత్తని భాగాలు కొట్టుకుపోగా, గట్టి గ్రానైటు మాత్రం బండల కుప్పలుగా మిగిలింది. ఆదోని కోట ఒక్క కొండ మీద లేదు. అయిదు కొండలు వలయంగా నిలబడితే వాటి నడుమ ఏర్పడిన లోతట్టును కూడా కలుపుకుని కట్టిన కోట ఇది. వాటిలో బారాకిల్లా, తాలిబండ ఎత్తయినవి. మైదానం నుంచి దాదాపు 800 అడుగులు పైకి ఉంటాయి. బారాకిల్లా మీద పాత మందుగుండు కొట్లు, రాతితో మలచిన ఒక వింత ఫిరంగి ఉన్నాయని బ్రిటిషు కాలపు గెజెటీర్లు నమోదు చేశాయి.

ఈ రాతి దీవి కథ బాగా అర్థం కావాలంటే నిజమైన దీవి ఒకదాన్ని పక్కన పెట్టుకోవాలి. మధ్యధరా సముద్రం నట్టనడుమ, సిసిలీకి దక్షిణంగా సుమారు 90 కిలోమీటర్ల దూరంలో ఉన్న మాల్టా అందుకు సరిగ్గా సరిపోతుంది. మాల్టా, గోజో, కొమినో దీవులు మూడూ కలిపినా 316 చదరపు కిలోమీటర్లే. పాత ఆదోని తాలూకాలో పావు వంతుకు కూడా రాదు. అక్కడిది గ్రానైటు కాదు, సున్నపురాయి. ఏడాది పొడుగునా పారే నది ఒక్కటీ లేదు. ఏటా కురిసే వాన 550 మిల్లీమీటర్ల దగ్గర ఉంటుంది. మన పడమటి కర్నూలు వానలు కూడా దానికి కాస్త అటూ ఇటూగానే. అక్కడ చలికాలంలో కురిస్తే ఇక్కడ నైరుతి, ఈశాన్య రుతుపవనాల్లో కురుస్తుంది. అంత దూరంలో ఉన్న రెండు చోట్ల బతుకు ఒకే లెక్క మీద నడిచింది: కురిసిన నాలుగు చినుకుల్ని రాతిలో ఎంతకాలం నిలుపుకోగలరు?

రెండు చోట్లా మనిషి అడుగు పాతదే. గోజోలోని గ్గంతియా రాతి గుడులు క్రీస్తుకు పూర్వం 3600 ప్రాంతంవి. ఈజిప్టు పిరమిడ్ల కంటే ముందువి. మన వైపు బళ్ళారి చుట్టుపక్కల గుట్టల మీద కొత్త రాతియుగపు పశుపాలకుల ఆనవాళ్ళు, బూడిద దిబ్బలు దొరికాయి. ఆదోనికి ఆగ్నేయంగా పత్తికొండ వైపు వెళితే ఎర్రగుడిలో, రాజులమందగిరిలో అశోకుని శాసనాలు నేటికీ బండల మీద కనిపిస్తాయి. ఆ శాసనాలు చెక్కింది క్రీస్తుకు పూర్వం మూడో శతాబ్దంలో. అదే శతాబ్దంలో, 218లో, మాల్టా కార్తేజి చేతిలోంచి రోము చేతికి పోయింది.

దారుల కూడలిలో నిలబడ్డ రాయికి ప్రశాంతత ఉండదు. మాల్టా మీదుగా ఫినీషియన్లు, రోమన్లు, అరబ్బులు, నార్మన్లు వచ్చిపోయారు. 1530లో చక్రవర్తి అయిదో చార్లెస్ ఆ దీవిని సెయింట్ జాన్ నైట్లు అనే క్రైస్తవ యోధుల సంఘానికి అప్పగించాడు. ఏటా ఒక డేగను కప్పంగా చెల్లించడం షరతు. తుంగభద్రకూ కృష్ణకూ మధ్య ఉన్న రాయచూరు అంతర్వేది కోసం బహమనీలు, విజయనగర రాజులు రెండు వందల ఏళ్ళు కొట్టుకున్నారు. ఆ అంతర్వేదికి దక్షిణపు గుమ్మం లాంటిది ఆదోని. ఉత్తరం నుంచి వచ్చే సైన్యం నది దాటిందంటే మొదట తగిలే పెద్ద కోట ఇదే.

ఇక్కడ 1565 అనే సంవత్సరం దగ్గర కాసేపు ఆగాలి.

ఆ ఏడాది జనవరి 23న తళ్ళికోట యుద్ధంలో అళియ రామరాయలు తల కోల్పోయాడు. విజయనగరం కూలింది. నాలుగు నెలలు తిరక్కుండానే, మే 18న, ఉస్మానీ (ఒట్టోమన్) నౌకాదళం మాల్టా తీరంలో కనిపించింది. వచ్చినవాళ్ళు ముప్పై వేలకు పైమాటే. కాచుకున్నవాళ్ళు నైట్లు, దీవి జనం అంతా కలిపి ఆరు వేలు. నైట్ల పెద్ద జాన్ డి లా వలెట్ చేసిన పనుల్లో గోడలు ఎత్తించడం ఒకటైతే, నీళ్ళ సంగతి చూడటం మరొకటి. కోటల్లోని తొట్లన్నీ నింపించాడు. శత్రువు దిగబోయే మర్సా పల్లపు ప్రాంతంలోని బావుల్ని పాడుచేయించాడు. సెయింట్ ఎల్మో కోట జూన్ 23న పడిపోయింది గానీ మిగతా కోటలు నిలిచాయి. మండుటెండలో ఉస్మానీ శిబిరంలో విరేచనాలు మొదలయ్యాయి. సెప్టెంబరులో సిసిలీ నుంచి సాయం దిగడంతో ముట్టడి ముగిసింది. రెండు శతాబ్దాల ముందు ముజాహిద్ షా సైన్యాన్ని ఆదోని కింద పట్టుకున్న జబ్బే ఉస్మానీ సైన్యాన్ని మాల్టా ఎండలో పట్టుకుంది.

నైట్లు ఆ పాఠాన్ని మరువలేదు. 1566 మార్చి 28న కొత్త పట్టణం వలెట్టాకు పునాది వేసినప్పుడు ప్రతి ఇంటి కిందా వాననీటి తొట్టి ఉండాలని నియమం పెట్టారు. అది చాలక 1610 నుంచి 1615 వరకు శ్రమించి దీవి పడమటి వైపున్న ఊటల నుంచి పట్టణానికి రాతి కాలువ కట్టారు. దాన్ని కట్టించిన నైట్ల పెద్ద విన్యకూర్ పేరే ఆ కాలువకు మిగిలింది.

ఆదోనికి అలాంటి అదృష్టం పట్టలేదు. వెనక నిలబడాల్సిన సామ్రాజ్యమే లేదు. 1568లో బిజాపూరు సుల్తాను అలీ ఆదిల్ షా పంపిన అంకుశ్ ఖాను కోటను ముట్టడించి లొంగదీసుకున్నాడు. విజయనగర రాజులు తమ వాళ్ళకు ఆశ్రయంగా దాచుకున్న కోట బిజాపూరు సరిహద్దు కోటగా మారిపోయింది.

బిజాపూరు కాలపు ఆదోనికి పేరు తెచ్చింది సిద్ది మసూద్ ఖాను. సిద్దీలంటే ఆఫ్రికా నుంచి, ముఖ్యంగా అబిసీనియా వైపు నుంచి దక్కనుకు చేరినవారు. బానిసలుగా వచ్చిన వారి వంశాల్లోంచే సేనానులు, కోట పాలకులు, రాజ్యాన్ని నడిపిన మంత్రులు పుట్టుకొచ్చారు. మసూద్ ఖాను, కర్నూలును ఏలి పన్హాళా ముట్టడిలో శివాజీని చుట్టుముట్టిన సిద్ది జౌహరుకు అల్లుడు. 1662 ప్రాంతంలో ఆదోని ఆయన చేతికి వచ్చింది. 1678 నుంచి అయిదేళ్ళపాటు బిజాపూరు రాజ్యాన్నే పసి సుల్తాను తరఫున నడిపి, దర్బారు తగవులతో విసిగి 1683లో ఆదోనికి తిరిగి వచ్చేశాడు. పట్టణంలో నేటికీ నిలిచి ఉన్న షాహీ జామియా మసీదు ఆయన కట్టించిందే. అప్పట్లోనే రెండు లక్షలు ఖర్చయిందని చెబుతారు.

తుంగభద్ర ఒడ్డున మంచాల గ్రామాన్ని రాఘవేంద్రస్వామికి ఇచ్చింది కూడా ఆదోని నవాబే. ఆ మంచాలే ఇవాళ లక్షలాది భక్తులు వచ్చే మంత్రాలయం. స్వామి బృందావన ప్రవేశం 1671లో జరిగింది. అక్షరం రాని వెంకన్న స్వామి దయతో నవాబు ఉత్తరాన్ని చదివి ఆదోని దివానయ్యాడనే కథ ఈ ప్రాంతంలో పిల్లలకూ తెలుసు. కథలో భక్తి ఎంతున్నా, దాని అడుగున ఒక చారిత్రక సత్యం ఉంది. ఆఫ్రికా మూలాలున్న ముస్లిం పాలకుడు, మాధ్వ పీఠాధిపతి, తెలుగు కన్నడాలు కలిపి మాట్లాడే రైతులు ఒకే నేల మీద ఒకరినొకరు ఆనుకుని బతికిన కాలమది. మాల్టాలో కూడా ఇలాంటి కలయికే జరిగింది. అక్కడి జనం కతోలికులు, లిపి రోమను, భాష మాత్రం అరబ్బీ కడుపున పుట్టింది.

1686లో బిజాపూరు, ఆ మరుసటి ఏడు గోల్కొండ ఔరంగజేబు వశమయ్యాయి. 1688లో మొగలు సేనాని ఫిరోజ్ జంగు ఆదోని మీదికి వచ్చాడు. మసూద్ ఖాను ప్రాణంగా చూసుకునే మసీదు వైపు ఫిరంగులు తిప్పితే ఆయన తట్టుకోలేక కోట అప్పగించాడని స్థానికంగా చెప్పుకుంటారు. మొగలులు కోటకు ఇంతియాజ్‌గఢ్ అని పేరు పెట్టారు. జనం నోట ఆ పేరు నిలవలేదు.

పద్దెనిమిదో శతాబ్దంలో ఆదోని నిజాం అలీ ఖాను తమ్ముడు బసాలత్ జంగు జాగీరు అయింది. ఆయన ఫ్రెంచి సేనలను కొలువులో పెట్టుకున్నాడు. గుంటూరు సర్కారు కూడా ఆయనదే. ఆ గుంటూరు విషయంలో ఆయన ఆంగ్లేయులతో చేసుకున్న ఒప్పందం హైదర్ అలీ ఆగ్రహానికి ఒక కారణమై మైసూరు యుద్ధం దాకా వెళ్ళింది. 1782లో బసాలత్ జంగు పోయాక కొడుకు మహాబత్ జంగు చేతికి కోట వచ్చింది.

1786లో టిప్పు సుల్తాను ఆదోనిని ముట్టడించాడు. కోటలో నిజాం బంధువుల కుటుంబాలున్నాయి. సాయానికి హైదరాబాదు, మరాఠా సైన్యాలు కలిసి వచ్చాయి. అయితే వానాకాలం ముంచుకొస్తోంది. తుంగభద్ర పొంగితే వెనక దారి తెగిపోతుంది. అందుకని వాళ్ళు కోటలోని కుటుంబాలను వెంటబెట్టుకుని ఆదరాబాదరాగా నది దాటిపోయారు. టిప్పు కోటలో అడుగుపెట్టి ప్రాకారాలు పడగొట్టించాడు. 1370ల నాటి వాన ఆదోనిని కాపాడింది. నాలుగు వందల ఏళ్ళ తర్వాత అదే వాన భయం ఆదోనిని వదులుకునేలా చేసింది. మరుసటి ఏడాది సంధిలో కోట నిజాంకు తిరిగి వచ్చింది గానీ, అప్పటికి అది గాయపడ్డ కోట.

మళ్ళీ ఒక జంట తారీఖు. 1798 జూన్‌లో నెపోలియను ఈజిప్టు వెళుతూ దారిలో మాల్టాను పట్టుకున్నాడు. దీవి జనం తిరగబడ్డారు. ఆంగ్ల నౌకలు చుట్టుముట్టాయి. ఆకలికి తాళలేక ఫ్రెంచి సేనాని వోబువా 1800 సెప్టెంబరు 5న లొంగిపోయాడు. నలభై రోజులు గడవకముందే, అక్టోబరు 12న, నిజాం తన దగ్గరున్న సైన్యం ఖర్చు కింద బళ్ళారి, అనంతపురం, కడప సీమలతో పాటు ఆదోనిని ఈస్టిండియా కంపెనీకి రాసిచ్చాడు. దత్తమండలాలు అన్న పేరు అలా వచ్చింది. వాటి తొలి ప్రధాన కలెక్టరు థామస్ మన్రో 1807 దాకా పాళెగాళ్ళను అణచి, రైతు పేరున శిస్తు లెక్కలు కట్టాడు. రెండు రాళ్ళూ ఒకే శరదృతువులో ఒకే జెండా కిందికి వచ్చాయి.

కోటకు పని తీరాక ఆదోనిని నిలబెట్టింది దాని కింద ఉన్న నేల. రేగడి తడిని పట్టి ఉంచుతుంది. వానలు వెనక్కి పోయాక కూడా ఆ తడి మీదే పత్తి కాస్తుంది. మాల్టాలో పత్తి అరబ్బుల కాలం నుంచి ఉందంటారు. పద్దెనిమిదో శతాబ్దంలో ఆ దీవి ఆడవాళ్ళు వడికిన నూలు బార్సిలోనాకు ఎగుమతయ్యేది. ఆ దీవి బట్టకు ఇంకా పాత ఖ్యాతి ఉంది. క్రీస్తుకు పూర్వం 70లో సిసిరో, లంచగొండి గవర్నరు వెర్రెస్ మీద కేసు నడుపుతూ, మాల్టాను ఆడవాళ్ళ వస్త్రాల నేత కొట్టంగా అతను వాడుకున్నాడని నిలదీశాడు.

1861లో అమెరికాలో అంతర్యుద్ధం మొదలైంది. లాంకషైరు మిల్లులకు అమెరికా పత్తి ఆగిపోయింది. ధరలు ఎగిశాయి. మాల్టాలో కొడిగట్టిన పత్తి సాగు కొన్నేళ్ళు మళ్ళీ వెలిగింది. బళ్ళారి జిల్లా రేగడి భూముల్లోనూ అదే ఊపు వచ్చింది. ఈ వైపు పండే పొట్టిపింజ పత్తిని వ్యాపారులు ‘వెస్టర్న్స్’ అన్న పేరుతో అమ్మేవారు. 1865లో యుద్ధం ముగిసింది. ధర పడింది. మాల్టా పత్తి తిరిగి లేవలేదు. ఆదోని పత్తి లేచింది. కారణం రైలు. 1871లో మద్రాసు రైలు మార్గం గుత్తి, ఆదోని మీదుగా రాయచూరు చేరి బొంబాయి నుంచి వచ్చే మార్గంతో కలిసింది. అంతకు రెండేళ్ళ ముందే సూయజ్ కాలువ తెరిచారు. బొంబాయి నుంచి ఇంగ్లండు వెళ్ళే ఆవిరి ఓడలు బొగ్గు నింపుకునే రేవుల్లో మాల్టా ఒకటి.

అయితే అదే రైలు కరువును ఆపలేకపోయింది. 1876–78 మహాకరువు బళ్ళారి జిల్లాను చితకగొట్టింది. రైలు తెచ్చిన ధాన్యం ఉన్నా, కొనడానికి చేతిలో కాసు లేనివాళ్ళు చచ్చిపోయారు. పత్తి, వేరుశనగ ధర పలికిన ఏడు బతుకు, వాన తప్పిన ఏడు చావు అన్న లెక్క ఈ సీమకు అప్పటి నుంచి ఇంకా గట్టిపడింది.

జిన్నింగ్ మిల్లులు, నూనె మిల్లులు, మార్కెట్ యార్డు పెరిగి ఆదోనిని ‘రెండో బొంబాయి’ అనే స్థాయికి తెచ్చాయి. ఇరవై ఎనిమిది కిలోమీటర్ల దూరంలో ఎమ్మిగనూరులో నూలు బట్టగా మారింది. 1938లో మాచాని సోమప్ప పూనికతో అక్కడ పుట్టిన నేతగాళ్ళ సహకార సంఘం దేశంలో పేరున్న సంఘాల్లో ఒకటయింది. ఆయనకు 1954లో పద్మశ్రీ వచ్చింది. అంతకు ముందటి ఏడు, 1953 అక్టోబరు 1న, ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. ఆదోని, ఆలూరు తాలూకాలు బళ్ళారి జిల్లా నుంచి విడివడి కర్నూలు జిల్లాలో కలిశాయి. మాల్టా స్వతంత్ర దేశమయింది 1964 సెప్టెంబరు 21న.

ఇక ఇప్పటి మాట. మాల్టా 1980ల నుంచి సముద్రపు నీటిని శుద్ధి చేసే కర్మాగారాలు కట్టుకుని తాగునీటిలో సగానికి పైగా అలాగే తెచ్చుకుంటోంది. ఆదోనికి సముద్రం లేదు. తుంగభద్ర డ్యాము దిగువ కాలువ నుంచి వచ్చే నీళ్ళను బసాపురం చెరువులో నిలవేసి పట్టణం తాగుతోంది. 2024 ఆగస్టులో ఆ డ్యాము 19వ గేటు కొట్టుకుపోయిన రాత్రి ఈ సీమ అంతా గుండె చిక్కబట్టుకుంది. కాలువ చివరి ఊళ్ళకు నీళ్ళు అందని ఏడు కోసిగి, కౌతాళం, పెద్దకడబూరు పల్లెల్లో ఇళ్ళకు తాళాలు పడతాయి. పిల్లాపాపలతో గుంటూరు మిరప చేలకు సుగ్గికి, అంటే వలస కూలికి, పోతారు. బడిలో పేరుండి బల్ల మీద కనపడని పిల్లలు ప్రతి పల్లెలో ఉన్నారు.

ఆదోని చరిత్రలో గోడలు కాపాడిన సందర్భాల కన్నా కొలనులు కాపాడిన సందర్భమే స్పష్టంగా కనిపిస్తుంది. పదకొండు ప్రాకారాలుండి కూడా దప్పికకు లొంగబోయిన కోట అది. దాన్ని నిలబెట్టింది ముందుతరాలవాళ్ళు కొండ మీద కట్టి, పూడిక తీసి, శుభ్రంగా ఉంచిన నీటి గుంటలు. అవి లేకపోతే ఆ ఏటి వాన కూడా బండల మీదుగా జారి పోయేది. కొండ మీది కొలనుల్లో ఇవాళ ముళ్ళకంపలు, ప్లాస్టిక్ సీసాలు పేరుకుంటున్నాయంటే పోతున్నది పాత రాళ్ళు మాత్రమే కాదు, ఈ సీమ బతకడానికి నేర్చుకున్న విద్య.

రణమండల ఆంజనేయస్వామి దర్శనానికి కొండ ఎక్కే భక్తులు, సెలవురోజు కోట చూడటానికి వచ్చే కాలేజీ పిల్లలు, రాంజల చెరువు గట్టున పొద్దున్నే నడిచే పెద్దలు ఒక్క పని చేయాలి. వేసవిలో నీళ్ళు తగ్గినప్పుడు ఒక కొలను ఎంచుకుని పూడిక తీయించాలి. మునిసిపాలిటీని, పురావస్తు శాఖను అడగాలి, వెంటపడాలి. పల్లెల్లో ఉపాధి హామీ పనుల్లో మొదటి వాటా చెరువులకే రావాలని గ్రామసభలో లేచి మాట్లాడాలి. సుగ్గి ఆగాలంటే మొదలుపెట్టాల్సింది అక్కడే.

(వచ్చే భాగంలో: ఎమ్మిగనూరు మగ్గాలు, మాచాని సోమప్ప సహకార ఉద్యమం. ఆదోని, ఎమ్మిగనూరు పాఠకుల ఇళ్ళలో ఆ కాలపు సంఘం రశీదులు, ఫొటోలు ఉంటే జాగ్రత్త చేసి పెట్టండి. అవి మీ ఊరి చరిత్ర.)